నాబ్లాకు చెప్పిన కీన

మా అత్త గోబ్నత్ చావింట్లో మొదటిసారి కీన ఎత్తుకున్నది కోపంతో. అప్పటికి ఆమెకు ఇరవై ఏళ్ళు. కుమీన్‌లో కాపురానికొచ్చి ఏడాది కాలేదు. కొండ అవతల పుట్టింట్లో తండ్రి పోయాడని కబురొస్తే వానలో నడిచి వెళ్ళింది. ఆమె చేరేసరికే శవాన్ని కడిగి బల్ల మీద పడుకోబెట్టారు. తలవైపు నాబ్లా మోకాళ్ళ మీద కూర్చుని ఉంది.

కెర్రీ పడమటి ఒడ్డున ఆ రోజుల్లో నాబ్లాను మించిన కీనగత్తె లేదు. జుట్టు విరబోసుకుని, ముందుకీ వెనక్కీ ఊగుతూ, అరచేత్తో బల్ల చరుస్తూ, పోయినవాణ్ణి పేరు పెట్టి పిలిచేది. ఒక్కో చరణం ముగియగానే చుట్టూ ఉన్న ఆడవాళ్ళు "ఓఖోన్, ఓఖోన్" అని గొంతు కలిపేవాళ్ళు. కాని ఆ రోజు ఆమె ఇంకో చావింటి నుంచి నేరుగా వచ్చింది. అలసిపోయి ఉంది. పోయినవాడి సంగతులు సరిగా కనుక్కోలేదు. "నల్లగుర్రం మీద సంతకు కదిలిన దొరబాబూ, వెండి జీను మెరుపువాడా" అని అందుకుంది.

గోబ్నత్ గుమ్మంలోనే ఆగిపోయింది.

"మా నాన్నకు గుర్రం లేదు," అంది. "గాడిద కూడా లేదు."

"ష్, ఊరుకోవే," అని ఎవరో చెయ్యి పట్టుకు లాగారు. ఆమె విదిలించుకుని బల్ల దగ్గరికి వచ్చింది. ఆయనకున్నది వీపు ఒక్కటేననీ, పొయ్యిలోకి బొగ్గుమట్టి గంప మోసి మోసి భుజాల మీద తాడు ఒరిసి కాయలు కాచాయనీ, బంగాళాదుంప కుళ్ళిపోయిన కరువులో పిల్లలకు లోపలి గుజ్జు పెట్టి తాను తొక్కలు తిన్నాడనీ తండ్రి ముఖం చూస్తూ చెప్పింది. తిట్టినట్టే మొదలైంది. నాలుగు మాటలయ్యేసరికి ఆ తిట్టుకు లయ కుదిరింది. చరణం ముగిసినచోట ఊపిరి ఆగింది. ఆ ఖాళీలో అందరికంటే ముందు "ఓఖోన్" అన్నది నాబ్లాయే.

మట్టి చేసి వస్తుంటే నాబ్లా ఆమె జబ్బ పట్టుకుని ఆపింది.

"నా గుర్రాన్ని చంపేశావు కదే పిల్లా!"

"లేని గుర్రాన్ని నేనెక్కడ చంపాను పెద్దమ్మా?"

నాబ్లా పగలబడి నవ్వింది, శ్మశానంలోనే. "ఎల్లుండి మా ఇంటికి రా. నోరుంది నీకు. దాన్ని ఎక్కడ మూయాలో నేర్పుతాను," అంది.

నేను ఆ ఇంటి కోడలిగా వచ్చేనాటికి మా అత్తకు యాభై దాటాయి. పొయ్యి దగ్గర దుంపలు ఒలుస్తూనో, ఉన్ని దువ్వుతూనో ఇవన్నీ ఆమే చెప్పింది. మామ పక్కనుంటే మధ్యలో సరిదిద్దేవాడు, "వాన కాదు, మంచు" అనో, "అంత గట్టిగా నవ్వలేదులే" అనో. బయటివాళ్ళకు మా పద్ధతి చెప్పాల్సి వస్తే శోకాలు పెట్టి ఏడవడం అంటారు. అలా అన్నప్పుడల్లా అత్తకు ఒళ్ళు మండేది. నాబ్లా ఆమెకు మొట్టమొదట నేర్పిన సంగతి ఆ తేడాయే. "ఏడుపు నీది. నీకు పోయిందని నువ్వు ఏడుస్తావు. కీన పోయినవాడిది. అందులో నీకు చోటు లేదు" అనేదట.

నాబ్లా దగ్గర ఆమె ఆరేళ్ళు తిరిగింది. చావింటికి వెళ్ళగానే ముందు శవం చేతులు చూడమనేది నాబ్లా. ఆ మనిషి మంచి చెడ్డలు అడగొద్దు, మామూలు మంగళవారం నాడు ఏం చేసేవాడో అడుగు అనేది. ఎవరివల్ల చనిపోయాడో తెలిస్తే వాడి పేరు కూడా అందులో రావాలి, చావింట్లో ఆ మాట అనే హక్కు ఆడదానికి ఒక్కదానికే ఉంది అనేది. అబద్ధం మాత్రం వద్దు. "గుర్రం ఒకటి చాలు నా జన్మకి," అని నవ్వేది. క్రమంగా నాబ్లాకు మోకాళ్ళు పట్టేశాయి. పిలుపులు గోబ్నత్‌కు రావడం మొదలయ్యాయి. మునిగిపోయిన జాలరులకు, పురిట్లో పోయిన తల్లులకు, వందేళ్ళు నిండిన ముసలివాళ్ళకు ఇరవై ఏళ్ళు ఆమె కీన చెప్పింది. ఒక్కటీ కాగితం మీద లేదు. చెప్పిన చోటే అయిపోయేవి.

తర్వాత భూముల గొడవలు వచ్చాయి. కౌలు కట్టలేనివాళ్ళను ఇళ్ళలోంచి ఈడ్చి పారేసిన ఏళ్ళు అవి. నాబ్లా కొడుకు తైగ్ కూడా బకాయిపడ్డవాడే. భూస్వామి తరఫు ఏజెంటు అతన్ని పిలిపించి, బయటికి పోతావా, నా మనుషుల్లో చేరతావా అని అడిగాడు. ఇంట్లో మంచానపడ్డ తల్లి ఉంది. తైగ్ చేరిపోయాడు.

1886 నవంబరులో మూరిస్ అనే రైతు ఇల్లు ఖాళీ చేయించారు. తలుపు ఊడబెరికినవాళ్ళలో తైగ్ ఉన్నాడు. మూరిస్ తండ్రిని పరుపుతో సహా మోసుకొచ్చి కంచె పక్కన దించారు. మూడు రోజులు అక్కడే గోనెపట్టాల కింద ఉండి, నాలుగోనాటి పొద్దున ముసలాయన పోయాడు. కీన చెప్పడానికి గోబ్నత్‌ను పిలిచారు. ఇల్లు లేదు కాబట్టి కంచె పక్కనే, ఊడదీసిన ఆ తలుపు మీదే శవాన్ని పడుకోబెట్టారు. ఊరంతా వచ్చింది.

నాబ్లా నేర్పినట్టే ఆమె పోయినవాడి చేతులు చూసింది, మంగళవారాలు చెప్పింది. చివరికి ఎవరివల్ల అన్నచోటికి వచ్చింది. ఏజెంటు పేరు చెప్పింది. ఆగి, ఇంకో చరణం అందుకుంది. ఈ తలుపు పెరికిన చెయ్యి నాబ్లా పాలు తాగి పెరిగింది, ఆ పాలు ఈ రోజు రక్తంగా విరిగాయి అని తైగ్‌ను పేరు పెట్టి పిలిచింది. ఆడవాళ్ళ "ఓఖోన్" కొండకు తగిలి తిరిగి వచ్చిందట. ఆ సాయంత్రం నుంచే ఊరు తైగ్‌ను వెలివేసింది. కమ్మరి అతని గొర్రుకు పళ్ళు వెయ్యనన్నాడు. చర్చిలో అతను కూర్చున్న బల్ల మీద ఇంకెవరూ కూర్చోలేదు. అతని భార్య పిల్లల్ని తీసుకుని పుట్టింటికి పోయింది.

రెండు వారాలకు గోబ్నత్‌కు కోర్టు సమన్లు వచ్చాయి. జనాన్ని రెచ్చగొట్టిందని నేరం. జడ్జికి మా భాష రాదు, ఆమెకు ఇంగ్లీషు రాదు. మధ్యలో ఒక బడిపంతులు దుబాసీగా నిలబడ్డాడు. చావు దగ్గర ఆమె ఏం చేసిందని జడ్జి అడిగితే, కీన చెప్పిందన్నాడు పంతులు. రాసుకుంటున్న గుమాస్తా కలం ఆపాడు. ఇంగ్లీషులో కీన్ అంటే పదునైన అని అర్థం. పదును పెట్టిందా, ఏమిటది అని జడ్జి విసుక్కున్నాడు.

"అది వేరే మాట దొరా. ఇది వీళ్ళది. ఏడవడం అని అర్థం," అన్నాడు పంతులు.

గోబ్నత్‌కు ఇంగ్లీషు రాకపోయినా తన మాట తనకు వినబడింది. "ఏమని చెప్పావు పంతులూ?" అంది.

"ఏడవడం అని చెప్పాను."

"ఏడవడమా? దూడ ఏడుస్తుంది. పళ్ళొచ్చే పసిపిల్ల ఏడుస్తుంది. నువ్వు రేపు దొర జీతం ఆపితే ఏడుస్తావు. దాన్ని కీన అంటారా?"

కోర్టులో నవ్వులు లేచాయి. పంతులు ముఖం ఎర్రబడింది. "మరేమని చెప్పమంటావు తల్లీ?"

"పోయినవాణ్ణి పేరు పెట్టి పిలవడం. వాడెవడో, ఏం చేశాడో, ఎవడివల్ల పోయాడో పదిమంది ముందు చెప్పి, ఆ పదిమందిచేత ఔననిపించడం. అలా చెప్పు."

పంతులు చాలాసేపు ఆలోచించి ఇంగ్లీషులో రెండు ముక్కలు చెప్పాడు. అంత మాటకు రెండు ముక్కలేనా అని ఆమె అడిగింది. ఇంతలో గుమాస్తా లేచి, ఆ మాట ఇప్పటికే ఇంగ్లీషులో ఉందనీ, ఈ ప్రాంతాలు చూడ్డానికొచ్చిన పెద్దమనుషులు చావులు చూసి ఎప్పుడో తమ పుస్తకాల్లో రాసుకున్నారనీ జడ్జికి విన్నవించాడు. ఎవరు ఎందుకు ఏడ్చినా సరే, గట్టిగా ఏడవడమనే అర్థంలో వాడుతున్నారట. పంతులు అది ఆమెకు తిప్పి చెప్పాడు.

"భూమి తీసుకున్నారు, సరే," అంది గోబ్నత్. "మాట కూడానా! తీసుకుంటే మొత్తం తీసుకోమను పంతులూ. ఏడుపు ఒక్కటే పట్టుకుపోయి మిగతాది ఇక్కడే వదిలేశారే."

పంతులు అది తిప్పి చెప్పలేదు. ఏడాదిపాటు ఏ చావింట్లోనూ గొంతెత్తకూడదనీ, ఎత్తితే నెలరోజులు జైలనీ జడ్జి తీర్పు రాయించాడు.

మరుసటి మార్చిలో నాబ్లా పోయింది.

పొద్దున్నే ఆవును పిండి వస్తూ మామ డియర్మిడ్ పెరట్లో తైగ్ నిలబడి ఉండడం చూశాడు. టోపీ చేతిలో ఉంది. లోపలికి రాలేదు. రమ్మని ఎవరూ అనలేదు కూడా.

"అమ్మ రాత్రి పోయింది," అన్నాడు తైగ్. "కడగడానికి మనిషి లేదు. ఐదిళ్ళు తిరిగాను. తలుపులు తీయలేదు."

గోబ్నత్ గుమ్మంలోకి వచ్చింది. నెలల తరబడి ఆమె కూడా అతనితో మాట్లాడలేదు.

"నేను చెప్పిన చరణం ఆమెకు తెలిసిందా?" అని అడిగింది.

తైగ్ నేల చూశాడు. "తెలిసింది. ఎవరో కిటికీలోంచి చదివినట్టు చెప్పి పోయారు. నన్నే మళ్ళీ చెప్పమంది. చెప్పాను."

"ఏమంది?"

"పాలు విరగడం బాగా కుదిరిందంది. తర్వాత గోడవైపు తిరిగి పడుకుంది. రెండు రోజులు అన్నం ముట్టలేదు."

గోబ్నత్ లోపలికి వెళ్ళి నల్ల శాలువా కప్పుకుంది. డియర్మిడ్ పాలబకెట్టు కింద పెట్టాడు.

"ఎక్కడికే?"

"కనబడ్డం లేదా?"

"కనబడుతోంది కాబట్టే అడుగుతున్నాను. వాడి గడప తొక్కితే రేపటినుంచి మన గడప ఎవరూ తొక్కరు. గొంతెత్తితే పోలీసులు పట్టుకుపోతారు. ఇటు ఊరు, అటు సర్కారు. ఎవరితో పడతావు?"

"నువ్వు దుంపలు ఉడకబెట్టు. పిల్లలకు మజ్జిగ కుండలో ఉంది," అని ఆమె తైగ్ వెనక నడిచింది.

నాబ్లా ఎండిపోయి పిట్టంత అయిపోయింది. గోబ్నత్ ఒక్కతే నీళ్ళు కాచి కడిగింది. జుట్టు దువ్వి, గోధుమరంగు చావుబట్టలు తొడిగి, జపమాల వేళ్ళకు చుట్టింది. తైగ్ వచ్చేవాళ్ళ కోసం ముక్కుపొడి పళ్ళెం, పొగతాగే మట్టి పైపులు, ఒక సీసా సారా సిద్ధం చేసి పెట్టాడు. ముట్టుకునేవాళ్ళు లేరు. అద్దం మీద గుడ్డ కప్పి, గడియారం ఆపి, అతను గోడవారగా నిలబడ్డాడు. మధ్యాహ్నమైంది. దారిన పోయే అడుగులు ఆ ఇంటి ముందుకొచ్చేసరికి వేగంగా వినిపించాయి.

అప్పుడామె జుట్టు విప్పుకుని తలవైపు మోకరించింది.

ఆ కీనలో కొంత మా అత్తకు చివరిదాకా గుర్తుంది. నాకు చెప్పినప్పుడు పాడలేదు, మామూలుగానే చెప్పింది. నాబ్లా, ఈ తీరాన ఏ ఇంట్లో నువ్వు మోకరించలేదు, ఈ రోజు ఏ మోకాలు నీ దగ్గర ఉంది అని మొదలుపెట్టిందట. లేని గుర్రం సంగతి చెప్పింది. కీళ్ళవాతంతో కూడా పక్కింటి పిల్లలకు జోలపాట పాడిన మంగళవారాలు చెప్పింది. ఎవరివల్ల అన్నచోటికి వచ్చింది. అది దాటి వెళ్ళొచ్చు. వినేది ఒక్క తైగే. అయినా చెప్పింది. నీ కొడుకు చేసింది తప్పే, నేను చెప్పింది నిజమే, ఆ నిజాన్ని నీ పేరుతో కొరడా పేని నీకు వినబడేలా కొట్టాను, రెండు రోజుల నీ అన్నం నేను తిన్నాను, నన్ను నేనే పేరు పెట్టి పిలుస్తున్నాను, గోబ్నత్, గోబ్నత్ అని.

చరణం ముగిసింది. గొంతు కలపడానికి ఆడవాళ్ళు లేరు. ఆ ఖాళీ అలాగే ఉండిపోయింది. ఇరవై ఆరేళ్ళలో ఎప్పుడూ అలా జరగలేదు, బావిలోకి తొంగిచూసినట్టయిందనేది అత్త. అప్పుడు గోడవైపు నుంచి "ఓఖోన్" అని వినిపించింది. మగవాళ్ళు ఆ మాట అనడం మాలో లేదు. తైగ్ గొంతు పగిలి, చెక్క చీల్చినట్టు ఉంది. రెండో చరణానికీ అన్నాడు. మూడోదానికి గట్టిగా అన్నాడు. వాళ్ళిద్దరే సాయంత్రందాకా నాబ్లాకు కీన చెప్పారు.

మర్నాడు శవపేటిక ఎత్తడానికి నలుగురు కావాలి. తైగ్ ఉన్నాడు. ఎండుగడ్డి తట్ట దింపి డియర్మిడ్ వచ్చాడు. భార్య ముఖం చూడకుండా నేరుగా పేటిక కిందికి వెళ్ళి భుజం పెట్టాడు. ఇంకెవరూ రాలేదు. ఇంతలో సార్జెంటు, ఒక పోలీసు దారి వెంట వచ్చారు. సార్జెంటు క్లేర్ ప్రాంతం వాడు, మా భాష మాట్లాడతాడు. వచ్చింది గోబ్నత్ కోసమే. ఇద్దరు మగవాళ్ళు పేటికతో తంటాలు పడుతుంటే కాసేపు చూశాడు. టోపీ తీసి పోలీసుకిచ్చాడు. మళ్ళీ ఏమనుకున్నాడో, పోలీసు టోపీ కూడా తీయించి రెండూ గోడమీద పెట్టాడు. ఆ నలుగురూ మోసుకెళ్ళి నాబ్లాను మట్టి చేశారు.

శ్మశానం గేటు దగ్గర సార్జెంటు ఆమెను పక్కకు పిలిచాడు.

"నిన్న ఆ ఇంట్లో గొంతు వినబడిందని నాకు ఫిర్యాదు వచ్చిందమ్మా. మనిషి పోతే ఆడవాళ్ళు ఏడుస్తారు. ఏడిస్తే నేరం కాదు, కాగితంలో ఎక్కడా లేదు. ఏడ్చావు కదూ?"

"లేదు."

"అమ్మా, నేనేమడుగుతున్నానో నీకర్థం కావడం లేదు. ఏడ్చానని ఒక్క మాట చెప్పు. నేను రాసుకుని పోతాను."

డియర్మిడ్ పక్కనుంచి, "చెప్పవే, చెప్పు," అన్నాడు.

"కోర్టులో అంతమంది ముందు ఆ రెండూ ఒకటి కాదని చెప్పి వచ్చాను," అంది గోబ్నత్. "ఇప్పుడు నా అవసరానికి ఒకటే అంటే నాబ్లా ఊరుకుంటుందా? నేను ఏడవలేదు. ఆమెకు కీన చెప్పాను. రాసుకో బాబూ."

చివరికి సార్జెంటు పుస్తకం తెరిచి రాసుకున్నాడు.

నెలరోజులు జైల్లో ఉంది. పాత ఓడతాళ్ళు విప్పి పీచు తీసే పని ఇచ్చారు. గోళ్ళు ఊడిపోయాయి. ఇక్కడ ఊరివాళ్ళకు ఏం చేయాలో పాలుపోలేదు. తైగ్ ఇంట్లో కీన చెప్పిందని ఆమెను వెలివేయాలి. కీన చెప్పి సర్కారు జైలుకు వెళ్ళిందని ఆమెకు ఎదురువెళ్ళి దండం పెట్టాలి. ఈ రెండింటి మీదా కమ్మరి కొట్టంలో రోజూ గొడవేనట. ఆమె తిరిగొచ్చిన రోజున ఎవరూ ఎదురు రాలేదు, ఎవరూ తలుపులూ వేసుకోలేదు. అందరూ గుమ్మాల్లో నిలబడి చూశారు. డియర్మిడ్ ఆమె చేతులకు వెన్న రాసి గుడ్డ చుట్టాడు. ఆ తర్వాత ఏడు వారాలు ఆ ఇంటికి ఒక్క మనిషి రాలేదు.

వచ్చిన మొదటి మనిషి మూరిస్ భార్య కాట్. పురిట్లో ఆమె చెల్లెలు పోయింది. లోపలికొచ్చి, కూర్చోకుండా, "నాకు నీమీద కోపం పోలేదు," అంది.

"పోకపోతే ఉండనీ," అంది గోబ్నత్.

"కాని మా చెల్లి గురించి ఎవరో ఒకరు సరిగా చెప్పాలి."

"ఏడాది తీరలేదే. మళ్ళీ జైలు."

"తెలుసు. మేం నలభైమందిమి ఉంటాం. ఎవరి గొంతో సార్జెంటునే కనుక్కోమను."

గోబ్నత్ వెళ్ళింది. ఆ నలభైమంది గొంతుల మధ్య ఎవరు ఎత్తుకున్నారో సార్జెంటుకు తెలియలేదట. అతను కిటికీ బయట అరగంట నిలబడి వెళ్ళిపోయాడు.

తైగ్ ఇల్లు మూసేసి, భార్యాపిల్లల్ని తీసుకుని వేల్స్ గనులకు పోయాడు. క్రిస్మస్‌కు ఒక ఉత్తరం రాసేవాడు. అత్తకు చదవడం రాదు, నేనే చదివి వినిపించేదాన్ని. ఊరి కబుర్లు ఏవీ అడిగేవాడు కాడు, తల్లి సమాధి మీద గడ్డి కోశారా అని తప్ప. అత్తే కోసేది.

తర్వాతి రోజుల్లో ఆమె నోరు మూయించింది జైలు కాదు, కొత్త పాదిరి. చావింట్లో జపమాల తప్ప ఇంకే గొంతూ వినబడితే తాను రానని చర్చి మెట్ల మీద చెప్పాడు. పాదిరి లేకుండా మట్టి చేయడానికి ఎవరికి ధైర్యం? పిలుపులు తగ్గాయి. చిన్నవాళ్ళకు ఆ అరుపులు సిగ్గనిపించసాగాయి. నాకూ అనిపించింది, దాచడమెందుకు. ఒకసారి నగరం నుంచి ఒక పెద్దమనిషి నోటుపుస్తకంతో వచ్చాడు. మా భాష ముద్దుముద్దుగా మాట్లాడాడు. ఒక్క కీన చెప్పమ్మా, రాసుకుంటాను అన్నాడు.

"పోయింది ఎవరు బాబూ?" అంది అత్త.

"ఎవరూ పోలేదు. ఊరికే."

"మరి ఎవర్ని పిలవమంటావు?"

అతను రెండు రోజులు మా పొయ్యి దగ్గర కూర్చున్నాడు. ఆమె అతనికి గుడ్లు ఉడకబెట్టి పెట్టింది, టీ ఇచ్చింది, నాబ్లా సంగతి మొత్తం చెప్పింది. కీన మాత్రం చెప్పలేదు. ఖాళీ పుస్తకంతో పంపడం బాగుండదని ఒక జోలపాట రాయించి పంపింది.

1911 ఫిబ్రవరిలో మూడు రోజుల జ్వరంతో మా అత్త పోయింది. పాదిరి వచ్చి జపం చేయించాడు. అందరం మెల్లగా బదులు చెప్పాం. శ్మశానంలో జల్లు పడుతోంది. మట్టి పోయడానికి మా ఆయన పార అందుకోబోతే మామ ఇవ్వలేదు. ఆయనకు ఎనభై ఏళ్ళు. పాదిరి వెళ్ళిపోయాడు, ఊరు వెళ్ళిపోయింది, మేమిద్దరం గోడ పక్కన నిలబడ్డాం. ఒక్కో పార మట్టికీ, చరణం ముగిసినట్టు, ఆగి ఊపిరి తీసుకుంటూ, పెదవులు కదుపుతూ, గుంత మొత్తం ఆయనే పూడ్చాడు. ఏమంటున్నాడో మాకు వినబడలేదు.